ఆకలి దూత

అనంతపురము పీఠభూమి కరవునకు పెట్టినది పేరు. పడమటి కనుమలు నైరుతి మేఘములను అడ్డగించుటచే ఇచ్చట ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వర్షమే కురియును. 1876-78 నాటి ధాత కరవులో, పనికి వచ్చిన కూలివానికి దినమునకు ఒక పౌను ధాన్యము చాలునని సర్ రిచర్డ్ టెంపుల్ నిర్ణయించెను. మదరాసు ఆరోగ్యాధికారి డాక్టరు కార్నిష్ అది చాలదని వాదించెను. తిండి చాలినదో లేదో శరీరమే లెక్క చూచుకొను విధ మొకటి కలదు.

రైతు మంచి పంట పండిన యేట గాదెలో గింజలు దాచినట్లు, శరీరము మిగులు ఆహారమును కొవ్వుగా దాచుకొనును. ఆ నిలువ యెంతయో మెదడునకు తెలుపు దూత లెప్టిన్ అను హార్మోను. దీనిని 1994లో అమెరికాలో జెఫ్రీ ఫ్రీడ్మన్ బృందము కనుగొనెను.

కొవ్వు కణములలో పుట్టిన లెప్టిన్ రక్తములో ప్రయాణించి మెదడును సమీపించును. కాని అచ్చటి సన్నని రక్తనాళముల గోడలలో కణములు ఒకదాని నొకటి గట్టిగా అంటి, కోటగోడవలె కాపు కాయుచుండును. లెప్టిన్ పెద్ద అణువు. తనంత తాను ఆ గోడను దాటజాలదు. దానిని ఆవలికి మోసి చేర్చు ఏర్పాటు ఆ కణములలోనే కలదు. అయితే ఆ మోతకు ఒక మితి యుండును. రక్తములో లెప్టిన్ ఎంత పెరిగినను, లోనికి పోవునది ఆ మితిని దాటదు. లోనికి చేరిన లెప్టిన్ మెదడు అడుగున నున్న హైపోథాలమస్‌లోని నాడీకణములకు నిలువ చాలినదని తెలుపును. అంతట ఆకలి తగ్గును.

పస్తులున్నప్పుడు కొవ్వు పూర్తిగా కరగక మునుపే లెప్టిన్ తగ్గిపోవును. దూత రాకుండుటయే మెదడునకు హెచ్చరిక. అప్పుడు ఆకలి పెరుగును. శరీరము శక్తిని పొదుపుగా వాడుకొనును. కావున కరవునాటి నీరసము సోమరితనము కాదు, ప్రాణమును నిలుపుకొనుటకు శరీరము పడు పాటు.