రెండు మిక్సర్ల మధ్య తగువు

మన వృత్తిలో అందరికీ అనుభవమైన సంగతే: ఎవరి మాడ్యూలు వాళ్ళ దగ్గర బ్రహ్మాండంగా నడుస్తుంది. అన్నీ కలిపిన రోజున మాత్రం ఎవరికి వారే యమునా తీరే. రేడియోలకి కూడా ఈ జబ్బు ఉంటుందని, జర్మనీలో ఒక చలికాలమంతా సాల్డరింగు చేస్తూ కూర్చున్నాక నాకు తెలిసొచ్చింది.

నేను కట్టాలనుకున్నది 14 మెగాహెర్ట్జ్ అమెచ్యూర్ బ్యాండు వినే రిసీవరు. (ఇక్కడ ఈ బ్యాండ్లు వినడానికి లైసెన్సు అక్కర్లేదు. మాట్లాడాలంటే మాత్రం బుండెస్‌నెట్జ్‌ఆగెంటూర్ పెట్టే పరీక్ష ప్యాసవ్వాలి.) దానికి వాడే సూపర్‌హెట్ పద్ధతికి ఈ దేశంతో పాత చుట్టరికమే ఉంది. మొదటి ప్రపంచయుద్ధం చివర్లో అమెరికన్ ఆర్మ్‌స్ట్రాంగ్, ఫ్రెంచివాడు లెవీలతోబాటు, జర్మనీలో వాల్టర్ షాట్కీ కూడా ఎవరికి వారుగా ఈ ఆలోచనకి వచ్చారు. నా మొదటి మిక్సర్లో ఉన్న నాలుగు డయోడ్లకీ ఆ షాట్కీ పేరే!

పద్ధతి ఇదీ. గాల్లోంచి వచ్చిన 14.2 మెగాహెర్ట్జ్ సిగ్నల్‌ని మన ఆసిలేటరు ఇచ్చే 4.2 తో మిక్సర్లో కలిపితే రెండు పుడతాయి: తేడా 10, మొత్తం 18.4. మనకి కావలసింది 10. దాన్ని క్రిస్టల్ ఫిల్టరు వడగడుతుంది. రెండో మిక్సరు దాన్ని చెవికి వినపడే శబ్దంగా మారుస్తుంది. నా మొదటి మిక్సరు 50 ఓమ్‌ల డయోడ్ రింగు. రెండోది ఎన్ఈ612 అనే చిప్పు, దాని ఇన్‌పుట్ సుమారు 1500 ఓమ్‌లు. మధ్యలో ఫిల్టరు, నాది సుమారు 200 ఓమ్‌లు.

విడివిడిగా చూస్తే అన్నీ బాగానే ఉన్నాయి. కలిపితే సిగ్నల్ నీరసించింది, మాటలు గొంతు నొక్కినట్టు వచ్చాయి, డయల్ పొడుగునా ఈలలు.

కారణం ఇంపెడెన్స్. బావి చేంతాడు చివర ఒక పురికొస ముడేసి, చేంతాడుని ఒక్కసారి విదిలించండి. అల ముడిదాకా వెళ్ళి, అక్కడ కొంత వెనక్కి తిరుగుతుంది. రెండు తాళ్ళ బరువూ ఒకటే అయితే తిరగదు. ఇక్కడా అంతే. ఫిల్టర్ని కాసేపు పక్కన పెట్టి 50 ఓమ్‌ల మిక్సర్ని నేరుగా 1500 ఓమ్‌ల చిప్పుకి కలిపితే, అందగలిగిన పవర్లో ఎనిమిదో వంతే అవతలికి చేరుతుంది. అంటే 9 డెసిబెల్స్ నష్టం. డయోడ్ మిక్సరు అప్పటికే సుమారు 6 మింగేసి ఉంటుంది!

ఇక గొంతు నొక్కినట్టుండే మాటల సంగతి. క్రిస్టల్ ఫిల్టర్ని ఏ ఇంపెడెన్స్‌కి లెక్కవేసి కట్టామో, రెండు చివరలా అదే కనపడాలి. లేకపోతే అది కొన్ని స్వరాలని ఎత్తి, కొన్నిటిని తొక్కేస్తుంది.

ఈ రెంటికీ మందు ట్రాన్స్‌ఫార్మర్. చుట్ల నిష్పత్తిని వర్గం చేస్తే ఇంపెడెన్స్ నిష్పత్తి వస్తుంది. 50 నుంచి 200 కి నాలుగు రెట్లు, కాబట్టి ఫెరైట్ రింగు మీద 7 చుట్లు, 14 చుట్లు. 200 నుంచి 1500 కి ఏడున్నర రెట్లు, కాబట్టి 8 చుట్లు, 22 చుట్లు.

ఇవి పెట్టగానే మాటలు తేటపడ్డాయి. ఈలలు మాత్రం పూర్తిగా పోలేదు. నేను మరిచిపోయింది ఆ 18.4 ని. ఫిల్టరు 200 ఓమ్‌లుగా కనిపించేది 10 మెగాహెర్ట్జ్ దగ్గరే. మిగతా ఫ్రీక్వెన్సీలకి అది మూసిన తలుపు. 18.4 ఆ తలుపుకి కొట్టుకుని వెనక్కొచ్చి, మిక్సర్లో దూరి, మళ్ళీ అన్నిటితోనూ కలిసి కొత్త పిల్లల్ని పెడుతుంది.

మధ్యలో 150, 39, 150 ఓమ్‌ల రెసిస్టర్లతో 6 డెసిబెల్స్ ప్యాడ్ పెడితే, వెనక్కొచ్చేది దాన్ని రెండుసార్లు దాటాలి కనక పదహారో వంతుకి పడిపోతుంది. కానీ అసలు సిగ్నల్ కూడా నాలుగో వంతే మిగులుతుంది. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. అందుకని మిక్సరు తర్వాత 50 ఓమ్‌ల యాంప్లిఫయరు, దాని వెనక ప్యాడ్, ఆ తర్వాతే ట్రాన్స్‌ఫార్మరూ ఫిల్టరూ పెట్టాను.

యాంప్లిఫయరు ఉంటే చాలదా, ప్యాడ్ ఎందుకు అంటారా? మామూలు ఫీడ్‌బ్యాక్ యాంప్లిఫయరు అవుట్‌పుట్‌కి ఏది తగిలిస్తే దాన్నిబట్టి దాని ఇన్‌పుట్ ఇంపెడెన్స్ కూడా మారిపోతుంది. వెస్ హేవర్డ్, బాబ్ కాప్‌స్కీ 2009లో అలా మారని యాంప్లిఫయరు ఒకటి ప్రచురించారు. దాన్ని తన మైక్రోబిట్‌ఎక్స్ సెట్లో వాడుకున్నది మన హైదరాబాదు వాడే, అషర్ ఫర్హాన్. అంతకు ముందు ఆయన రూపొందించిన బిట్‌ఎక్స్, ఊళ్ళో దొరికే సామాన్లతో ఎవరైనా కట్టుకోగలిగేలా ఉండి ప్రపంచమంతా పాకింది. దాంట్లో కాయిల్ చుట్టడానికి కుళాయి వాషర్లు కూడా పనికొచ్చాయి!

ఆ రాత్రి డయల్ తిప్పితే ఈలలు లేవు, సన్నగా ఎవరివో మాటలు. మీరూ కట్టబోతుంటే నా మాట ఒకటి గుర్తుంచుకోండి. ఏ స్టేజీనీ ఒంటరిగా పరీక్షించి మురిసిపోవద్దు. దాని తర్వాత వచ్చేది ఎన్ని ఓమ్‌లో, అన్ని ఓమ్‌ల రెసిస్టరు తగిలించి మరీ కొలవండి. ముఖ్యంగా, మీకు అక్కర్లేని ఫ్రీక్వెన్సీ ఎక్కడికి పోతోందో అడగండి. అది ఎక్కడికో అక్కడికి పోవాలి కదా!