మొక్కజొన్న చేలు దాటితే...

"మీ అమ్మాయి అమెరికాలో ఎక్కడుంటుందండీ?" అని ఎవరైనా అడిగితే "అయోవాలో" అని చెప్పి చూడండి. న్యూజెర్సీ అంటే తలూపేవాళ్లు, డాలస్ అంటే "మా పిన్నిగారబ్బాయీ అక్కడే" అనేవాళ్లు కూడా "అదెక్కడ?" అని మొహం చిట్లిస్తారు. మా అమ్మాయి కాన్పుకని నేను బయల్దేరినప్పుడు మా అల్లుడు కూడా ముందే చెప్పేశాడు. "అత్తయ్యా, ఇక్కడ చూడ్డానికేం ఉండదు. మొక్కజొన్న తప్ప" అని.

మొక్కజొన్న సంగతి నిజమే. ఆ దేశంలో ఆ పంట ఎక్కువగా పండేది అక్కడే. తెలంగాణ కంటే పెద్ద రాష్ట్రం, జనం చూస్తే 2020 లెక్కల్లో 32 లక్షల లోపే! తూర్పున మిసిసిపీ నది, పడమర మిస్సోరీ నది, మధ్యలో చేలు. కానీ "చూడ్డానికేం ఉండదు" అన్న మాట మాత్రం ఒప్పుకోను.

కాన్పులకని వెళ్లిన అమ్మల పరిస్థితి మీకు తెలిసిందే. పథ్యం వంట, పసిబిడ్డ స్నానం, సాంబ్రాణి పొగ... పొగ వేస్తే ఇంట్లో అలారం మోగుతుందని అదీ మానుకోవడం! మనకి కారు నడపడం రాదు. వీధి చివరికి వెళ్తే బస్సు దొరికే ఊళ్లు కావవి. విజిటర్ వీసా మీద సాధారణంగా ఆర్నెల్లు ఉండనిస్తారు. ఆర్నెల్లంటే 26 శనివారాలు. సరుకులకు కొన్ని, వానకు కొన్ని, మంచుకు కొన్ని పోతే మిగిలేవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. నోరు తెరిచి అడక్కపోతే అవీ మిగలవు. పిల్లలు వారమంతా పనిచేసి అలసిపోతారు, అడగడం ఎందుకులే అని రెండు నెలలు ఊరుకున్నాను. ఆ ఊరుకోవడమే పొరపాటు.

మొదటిసారి చంటిబిడ్డతో వెళ్లేవాళ్లకి నా సలహా ప్రెయిరీ సిటీ దగ్గరున్న నీల్ స్మిత్ వన్యప్రాణి కేంద్రం. రాజధాని డెమాయిన్ నుంచి అరగంట ప్రయాణం. కారు దిగక్కర్లేదు. బైసన్‌లనే బొచ్చు దున్నలు తిరిగే ఆవరణలోంచే రోడ్డు వెళ్తుంది. ఒకప్పుడు ఆ రాష్ట్రంలో ముప్పాతిక భాగం మనిషెత్తు గడ్డి మైదానమేనట. ఆ గడ్డి వేళ్లు వేల ఏళ్లపాటు కుళ్లి కుళ్లి మన నల్లరేగడిని మించిన నల్లమట్టి తయారైంది. ఆ మట్టి కోసమే గడ్డినంతా దున్నేశారు. ఇప్పుడు మిగిలింది వెయ్యింట ఒక వంతు కూడా లేదు. ఇక్కడ మళ్లీ విత్తనాలు చల్లి ఆ గడ్డిని పెంచుతున్నారు. మొక్కజొన్న ఎక్కణ్నుంచి వచ్చిందో అది చూశాకే నాకు అర్థమైంది.

వింటర్‌సెట్‌లో చెక్క వంతెనలున్నాయి. 1995లో మెరిల్ స్ట్రీప్ నటించిన 'ది బ్రిడ్జెస్ ఆఫ్ మాడిసన్ కౌంటీ' చూసినవాళ్లకి గుర్తుండే ఉంటుంది. వంతెనకి ఇంటికి వేసినట్టు పైకప్పు ఎందుకా అని నాకు సందేహం. కింద వేసే పెద్ద దూలాలు ఖరీదు. వానకి అవి పాడవకుండా చవక చెక్కతో పైన కప్పు వేశారట. పొదుపరి ఇల్లాలి ఆలోచనలా లేదూ! మొత్తం 19 కట్టారు, 6 మిగిలాయి. వాటిలో సీడార్ వంతెనని ఎవరో 2002లో తగలబెడితే మళ్లీ కట్టారు. 2017లో ఇంకోసారి తగలబెట్టారు. అయినా వదల్లేదు, 2019లో మళ్లీ తెరిచారు.

తులిప్ పూలంటే ఇష్టమున్నవాళ్లు మే నెల మొదట్లో పెల్లా వెళ్లాలి. 1847లో హాలండ్ నుంచి వచ్చినవాళ్లు కట్టుకున్న ఊరది. అక్కడ 'ఎస్' అక్షరం ఆకారంలో బాదం ముద్ద కూరిన మిఠాయి అమ్ముతారు. కోడిగుడ్డు తినని వాళ్లు అడిగి కొనుక్కోండి.

నన్ను కదలనీయకుండా నిలబెట్టింది మాత్రం అమానా. డెమాయిన్ నుంచి గంటన్నర, సీడార్ రాపిడ్స్ నుంచైతే అరగంట. జర్మనీ నుంచి వచ్చిన ఒక భక్త సమాజం 1855 నుంచి అక్కడ ఏడు ఊళ్లు నిర్మించుకుంది. పొలం, మగ్గం, పశువులు అన్నీ ఉమ్మడి. ఇళ్లలో వంటగది అన్నదే లేదు! ఏడు ఊళ్లకీ కలిపి 50కి పైగా ఉమ్మడి వంటశాలలు. ఒక్కో దాంట్లో ముప్పై నలభై మందికి వంట. రోజుకి మూడు భోజనాలు, మధ్యలో రెండు ఫలహారాలు. ఆడపిల్ల 14 ఏళ్లకి బడి మానగానే వంటశాలలో చేరాల్సిందే. మగవాళ్లకి ఒక బల్ల, ఆడవాళ్లకి ఒక బల్ల. మాటల్లేకుండా గబగబా తినేసి లేవాలి. 1932లో ఈ ఉమ్మడి పద్ధతికి స్వస్తి చెప్పి ఎవరి పొయ్యి వాళ్లు వెలిగించుకున్నారు. మిడిల్ అమానాలో ఒక వంటశాలని ఆనాడున్నట్టే ఉంచారు.

పెద్ద ఇటుక పొయ్యి, వరసగా గరిటెలు, గిన్నెలు. దాన్ని చూస్తూ మా అమ్మాయి "ఇంట్లో వంటే లేదంటే ఎంత సుఖమో!" అంది. నలభై మందికి బంగాళాదుంపల తొక్క తీసే అమ్మాయిని అడిగితే ఏమనేదో! అయితే ఒక ఏర్పాటు మాత్రం మా ఇద్దరికీ నచ్చింది. చంటిపిల్లల తల్లులు వంటశాల పనికి రానక్కర్లేదు. వాళ్ల భోజనం బుట్టలో పెట్టి ఇంటికి పంపేవారు. పిల్లని భుజాన వేసుకున్న మా అమ్మాయి ఆ మాట విని నావైపు చూసి నవ్వింది. ఆ బుట్ట మోసుకొచ్చేందుకే కదా నేను సముద్రాలు దాటి వచ్చింది!

కాస్త దూరమైనా పర్వాలేదనుకుంటే ఈశాన్య మూలకి వెళ్లండి. పైక్స్ పీక్ పార్కులో 500 అడుగుల కొండ అంచున నిలబడితే కింద విస్కాన్సిన్ నది వచ్చి మిసిసిపీలో కలుస్తుంది. కారు ఆపిన చోటికి దగ్గర్లోనే కాబట్టి మోకాళ్ల నొప్పులున్నవాళ్లూ చూడొచ్చు. పక్కనే ఎఫిజీ మౌండ్స్‌లో అక్కడి ఆదివాసులు వందల ఏళ్ల కిందట పోసిన మట్టి దిబ్బలు 200కి పైగా ఉన్నాయి, వాటిలో కొన్ని ఎలుగుబంట్ల ఆకారంలో, పక్షుల ఆకారంలో ఉంటాయి. అది కొండెక్కే నడక. అల్లుణ్ని, అమ్మాయిని పంపి, బిడ్డతో మీరు కింద కూర్చోండి. మకోకెటా గుహలకి చలికాలంలో వెళ్లకండి, నిద్రపోయే గబ్బిలాల కోసం మూసేస్తారు.

తిండి సంగతి మీకు చెప్పక్కర్లేదు. పులిహోర, పెరుగన్నం, మంచినీళ్లు కారులో ఉండాల్సిందే. చేల మధ్య మైళ్ల తరబడి ఒక్క దుకాణమూ కనబడదు. గడ్డిలో నడిస్తే ఇంటికొచ్చాక కాళ్లు చూసుకోండి, పిడుదులు పట్టుకుంటాయి.

చివరి శనివారం మ్యాడ్రిడ్‌కి వెళ్లాం. స్పెయిన్‌లోది కాదు, డెమాయిన్‌కి ముప్పావుగంట దూరంలో అదే పేరున్న చిన్న ఊరు. అక్కడ మన దేవాలయం ఉంది. బిడ్డని మొదటిసారి గుడికి తీసుకెళ్లింది అక్కడికే. దర్శనం అయ్యాక సాయంత్రం హై ట్రెసిల్ వంతెనకి వెళ్లాం. పాత రైలు దారిని నడిచేవాళ్లకీ, సైకిళ్లకీ మార్చి 2011లో తెరిచారు. డెమాయిన్ నది మీద 13 అంతస్తుల ఎత్తు, అర మైలు పొడవు. ఒకప్పుడు ఆ చుట్టుపక్కల బొగ్గు గనులుండేవి. అందుకే గనిలోకి దిగుతున్నట్టు కనిపించేలా వంతెన పొడవునా ఉక్కు చట్రాలు ఒంపులు తిప్పి నిలబెట్టారు. చీకటి పడితే వాటికి నీలం దీపాలు వెలుగుతాయి. జూన్‌లో అక్కడ పొద్దుగూకేసరికి దాదాపు తొమ్మిదవుతుంది. తొందరపడి ముందే వెనక్కి రాకండి. వుడ్‌వర్డ్ వైపు నుంచి వెళ్తే నడక తక్కువ, అయినా మైలు పైనే ఉంటుంది. దారంతా చదునే కాబట్టి పిల్లల బండి హాయిగా పోతుంది.

శాలువా మాత్రం మర్చిపోకండి. నది మీది గాలికి మా మనవరాలు నా శాలువాలోనే నిద్రపోయింది.