మీకు తెలుసా? ఫాండ్యూ విరగకుండా కాపాడేది వైనే!

స్విట్జర్లాండ్‌లో చలికాలం వస్తే బల్ల మధ్య చిన్న దీపం మీద కుండ పెట్టి, చుట్టూ కూర్చుని చీజ్ ఫాండ్యూ, అంటే కరిగించిన చీజ్‌లో రొట్టె ముక్కలు ముంచుకుని తింటారు. చీజ్‌ను ఉత్తినే వేడిచేస్తే నూనె పైకి తేలి, మిగిలింది సాగుతూ ముద్దకడుతుంది. వైట్ వైన్‌లోని ఆమ్లం ప్రోటీన్లను గడ్డకట్టనివ్వదు. చెంచాడు కార్న్‌ఫ్లోర్ కొవ్వును విడిపోనివ్వదు. వైన్ ముట్టని ఇళ్లలో కూరగాయలు ఉడికించిన నీళ్లలో నిమ్మరసం పిండినా పని జరుగుతుంది.

ఫ్రీబూర్గ్‌లో గ్రూయేర్, వాష్రాన్ చీజ్‌లు సగం సగం కలుపుతారు. కుండ లోపల వెల్లుల్లి రుద్ది, సన్నసెగ మీద చీజ్ తురుమును గుప్పెడు గుప్పెడుగా వేస్తూ కలపాలి. మరగనిస్తే విరుగుతుంది.

వైన్‌లో చీజ్ వండే పద్ధతి 1699 నాటి జ్యూరిచ్ వంటపుస్తకంలోనే ఉంది. ఫాండ్యూకు జాతీయ వంటకమన్న పేరు తెచ్చింది మాత్రం 1930లలో స్విస్ చీజ్ యూనియన్ చేసిన ప్రచారం.

రొట్టె ముక్కను మెత్తని వైపు నుంచి గుచ్చి, ఫోర్కు మొనను గట్టి పెచ్చు దాకా దించితే కుండలో జారిపడదు. అన్నట్టు, చివర్లో అడుగంటి కరకరలాడే చీజ్ పొరే అన్నిటికన్నా రుచి. స్విస్ ఇళ్లలో దాన్ని గోకి అందరూ పంచుకుంటారు. కుండ ఖాళీ అయిందని వెంటనే కడిగేయకండి.