కులానికి ఎన్ని నెలల అడ్వాన్సు?

తిరువూరు, చుట్టుపక్కల మండలాల నుంచి చదువు ముగించి ఉద్యోగానికి బయలుదేరే పిల్లల ముందు రెండు దారులున్నాయి. ఒకటి ఖమ్మం మీదుగా హైదరాబాద్‌కు, రెండోది విజయవాడ మీదుగా బెంగళూరుకు. ఏ నగరంలో జీతం ఎంత మిగులుతుందన్నది బస్టాండు టీకొట్టు దగ్గర కూడా తెగని లెక్క. తిరువూరు ఎస్సీ రిజర్వుడు నియోజకవర్గం. ఆ లెక్క వేసుకునే వారిలో మాల, మాదిగ ఇళ్ల నుంచి తొలి తరం ఉద్యోగులు చాలామంది. తక్కిన వారి లెక్కలో లేని ఒక పద్దు వీరి లెక్కలో ఉంటుంది.

ముందు అందరికీ ఉన్న పద్దులు చూద్దాం. హైదరాబాద్‌లో అడ్వాన్సు సాధారణంగా రెండు నెలల అద్దె. బెంగళూరులో పది నెలలన్నది పాత ఆనవాయితీ. ఈమధ్య కొన్ని చోట్ల అది ఐదారు నెలలకు దిగింది. ఇరవై వేల అద్దె ఇంటికి హైదరాబాద్‌లో 40 వేలు చాలు. పాత లెక్కన బెంగళూరులో 2 లక్షలు కావాలి. నివాస గృహానికి అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించరాదని కేంద్రం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం చెబుతున్నది. అయితే అది నమూనాయే, రాష్ట్రం స్వీకరిస్తే తప్ప ఓనరును కట్టిపడేయదు. మామిడితోట ఉన్న ఇంట్లో ఆ 2 లక్షలు ఒక పంట మాట. కూలి చేసే ఇంట్లో అది నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు, అంటే నెలకు 4 వేలు. అదే గది, అదే అద్దె, కానీ ఆ కుర్రవాడికి పడేది 24 వేలు.

జీవన విధానంలోనూ తేడాలున్నాయి. హైదరాబాద్ ఎండలకు కూలర్ కావాలి, బెంగళూరులో ఫ్యాను చాలు. అయితే 2024 వేసవిలో ఆ చల్లని నగరమే ట్యాంకర్ల వెంట పరుగులు తీసింది. హైదరాబాద్ మెట్రో రాయదుర్గంతో ఆగిపోతుంది, అక్కడి నుంచి ఆఫీసులకు మళ్లీ ఆటో. బెంగళూరు సిల్క్ బోర్డు కూడలిలో గడిచే సాయంత్రాలకు వెలకట్టడం కష్టం. తెలుగు మెస్ రెండు చోట్లా దొరుకుతుంది.

ఇక ఎవరూ రాయని పద్దు. హైదరాబాద్‌లో ఓనరు చాలా సార్లు తెలుగువాడే. ‘ఏ ఊరు బాబూ’ అనే ఆప్యాయతతో మొదలై ‘ఇంటిపేరేమిటి’, ‘నీచు తింటారా’, ‘ఆదివారం చర్చికి వెళ్తారా’ అన్న చోటికి సంభాషణ చేరుతుంది. ఈ చివరి ప్రశ్న కోస్తా జిల్లాల వాళ్లకు వివరించనక్కరలేదు. మాంసం ప్రశ్న మాత్రం వింతగా ఉంటుంది. అడిగిన ఇంట్లోనే ఆదివారం మటన్ ఉడుకుతూ ఉంటుంది కదా! అడుగుతున్నది కూర గురించి కాదు. జవాబు నచ్చకపోతే ‘మా తమ్ముడి కొడుకు దిగుతున్నాడట’ అన్న మాట సిద్ధంగా ఉంటుంది.

అందుకే ఖర్చెక్కువైనా బెంగళూరే నయమనే పిల్లలున్నారు. కన్నడ ఓనరుకు తెలుగు ఇంటిపేరు చదవడం రాదు. పది నెలల అడ్వాన్సులో కొంత భాగం ఆ చదవలేకపోవడానికి కడుతున్న మూల్యం. ఆర్థిక శాస్త్రం దీనికి ఏ పేరు పెడుతుందో గానీ, వారికిది లాభసాటి బేరమే. అయితే ఆ ఊరట ఎక్కువ కాలం నిలవదు. బెంగళూరు తూర్పు అంచున తెలుగు మాట్లాడే ఓనర్లు తక్కువేమీ కాదు, ‘శాకాహారులకు మాత్రమే’ బోర్డులూ తక్కువ కాదు. గది పంచుకునే తెలుగు మిత్రుడు ఓనరు కంటే ముందే ఇంటిపేరు చదువుతాడు. ఇంటిపేరు పొడి అక్షరంగా మిగులుతుంది, అంబేడ్కర్ పటం సూట్‌కేసులో ఉండిపోతుంది. ఊరి నుంచి అమ్మ వస్తుందంటే ఆమె సంచిలోని బైబిల్ గురించి దిగులు.

ఇది కొందరి అనుభవమేనని కొట్టివేయడానికి లేదు. హైదరాబాద్, బెంగళూరు సహా ఏడు పెద్ద నగరాల వార్డుల జనగణన లెక్కలను పరిశీలించి, ఆర్థిక స్థాయి కంటే కులమే జనాన్ని ఎక్కువగా విడదీస్తున్నదని త్రినా వితయాథిల్, గాయత్రి సింగ్ 2012లో ‘ఎకనమిక్ అండ్ పొలిటికల్ వీక్లీ’లో చూపించారు. 2015లో అదే పత్రికలో సుఖదేవ్ థోరట్ బృందం ఢిల్లీ పరిసరాల అద్దె ఇళ్లపై రాసింది. తేడా పేరులోనే. పేరు దళితుడిదో ముస్లిందో అయితే ఇల్లు లేదన్నారు, లేదా షరతులు పెంచారు. 1917లో బరోడాలో ఉద్యోగానికి వెళ్లిన అంబేడ్కర్‌కు గది దొరకక పార్సీ పేరుతో పార్సీ సత్రంలో దిగారు. సంగతి బయటపడి కర్రలతో వచ్చి వెళ్లగొట్టారు. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో హాస్టల్ నుంచి బహిష్కృతులైన రోహిత్ వేముల, అతని నలుగురు సహచరులు ఆరుబయట వేసుకున్న గుడారానికి ‘వెలివాడ’ అని పేరు పెట్టారు. 2016 జనవరి 17న రోహిత్ మరణించాడు. నగరంలో వెలివాడ లేదనుకునేవారు ఆ పేరు గుర్తు తెచ్చుకోవాలి.

చట్టం లేదా అంటే ఉంది. 1955 నాటి పౌరహక్కుల రక్షణ చట్టంలో 4వ సెక్షను, ఏ ప్రాంతంలోనైనా నివాస గృహం పొందడానికి, అందులో ఉండడానికి అంటరానితనం పేరుతో అడ్డుపడటాన్ని నేరమన్నది. బాధితుడు ఎస్సీ అయితే ఆ పని అంటరానితనం వల్లనే జరిగిందని కోర్టు భావించాలని, కాదని నిరూపించుకునే భారం నిందితుడిదని 12వ సెక్షను చెబుతుంది. ‘తమ్ముడి కొడుకు’ సాకుకు ఇంతకంటే మంచి జవాబు లేదు. శిక్ష నెల నుంచి ఆరు నెలల జైలు, 100 నుంచి 500 రూపాయల జరిమానా. ఇల్లు చూపించిన బ్రోకరు తీసుకునేది మాత్రం ఒక నెల అద్దె!

ఇందులో మరో మెలిక ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు, దాని సవరణల ప్రకారం క్రైస్తవం స్వీకరించిన దళితుడు ఎస్సీ కాడు. చర్చికి వెళ్తాడని తెలియగానే ఓనరు అతన్ని మాలగానో మాదిగగానో గుర్తిస్తాడు. చర్చికి వెళ్తాడు గనుకనే చట్టం అతన్ని గుర్తించదు. ఒకే జవాబుతో ఇల్లూ పోతుంది, 12వ సెక్షను రక్షణా పోతుంది. 2023లో అమెరికాలోని సియాటిల్ నగరం ఉద్యోగంతో పాటు ఇళ్ల విషయంలోనూ కుల వివక్షను నిషేధించింది. అక్కడ అద్దె ఇల్లు వెతికే తెలుగువాడిని ఏ మతమని అడిగాక రక్షణ ఇవ్వరు.

ఈ పిల్లల ఓటు తిరువూరులో, అద్దె పక్క రాష్ట్రంలో. అద్దె తీసుకునే రాష్ట్రానికి వీరు ఓటర్లు కారు, ఓటున్న రాష్ట్రానికి వీరి అద్దె తన పరిధిలోది కాదు. కానీ పౌరహక్కుల చట్టం, 1950 ఉత్తర్వు రెండూ కేంద్రానివి. తిరువూరు విజయవాడ లోక్‌సభ స్థానంలో ఉంది. జరిమానా 500 దగ్గరే ఎందుకు ఆగిందని, 4వ సెక్షను కింద ఇళ్ల విషయంలో ఎన్ని కేసులు పెట్టారని పార్లమెంటులో అడగడానికి అక్కడి నుంచి గెలిచిన సభ్యునికి ఏ అడ్డూ లేదు. పండక్కి ఊరొచ్చిన పిల్లలు అడగవలసింది ఆయన్నే.