ఉక్కు కోసం పుట్టి, ప్లాస్టిక్‌కు చుట్టమైన లప్పం

1950ల దాకా అమెరికాలో కారు రేకుకు సొట్ట పడితే సీసంతో పూడ్చేవారు. సుమారు 70 పాళ్లు సీసం, 30 పాళ్లు తగరం కలిసిన కడ్డీని మంటతో వేడి చేస్తే, 183 డిగ్రీల సెల్సియస్ దాటాక అది పూర్తిగా కరగకుండా, గట్టిగానూ ఉండకుండా ముద్దలా మారుతుంది. ఆ కాసేపట్లోనే దాన్ని చెక్క తెడ్డుతో రేకు మీద అద్ది, చల్లారాక ఆకురాయితో అరగదీయాలి. చెయ్యి తిరగడానికి ఏళ్లు పట్టే పని. పైగా సీసపు పొడి ఒంట్లోకి చేరితే విషం.

మయామీలో కార్ల రిపేరు షాపు నడిపిన రాబర్ట్ మెర్టన్ స్పింక్ దీనికి విరుగుడు వెతికాడు. 1955లో పాలిస్టర్ రెజిన్‌లో టాల్క్ పొడి కలిపి ముద్ద తయారుచేసి, దానికి బాండో అని పేరు పెట్టాడు. ఆ పేరు చేతులు మారుతూ 2007లో 3ఎం కంపెనీకి చేరింది. ఈలోగా అమెరికాలో ఎవరు తయారుచేసిన బాడీ ఫిల్లర్‌నైనా బాండో అనడం అలవాటైపోయింది. మన డెంటింగ్, పెయింటింగ్ షెడ్లలో అయితే అది లప్పమే, లేదా పుట్టీ.

బాండో డబ్బాలోని రసాయనం స్పింక్‌ది కాదు. పాలిస్టర్‌కు స్టైరీన్ అనే ద్రవాన్ని జోడిస్తే రెండూ కలిసి చాలా త్వరగా గట్టిపడతాయని 1930ల్లోనే కార్ల్‌టన్ ఎల్లిస్ అనే అమెరికన్ రసాయన శాస్త్రవేత్త గుర్తించాడు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో గాజు నారతో కలిసి ఆ రెజిన్ విమానాల రాడార్లకు తొడుగైంది. 1953లో కార్వెట్ కారు బాడీ అయింది. స్పింక్ దాన్ని సొట్టలు పూడ్చే పనికి దించాడు.

ఈ రెజిన్ గొప్పతనం స్టైరీన్‌లోనే ఉంది. డబ్బాలో ఉన్నంతసేపూ అది రెజిన్‌ను పలుచన చేస్తుంది. బెంజాయిల్ పెరాక్సైడ్ ఉన్న ఎర్రటి క్రీమ్ కలపగానే అదే స్టైరీన్ పాలిస్టర్ గొలుసుల మధ్య వంతెనలుగా బిగుసుకుంటుంది. ట్యూబుల్లో దొరికే మామూలు పుట్టీలో అయితే పలుచన చేసే ద్రావకం గాలిలోకి పోవాలి. పోయిన మేరకు పుట్టీ కుంచించుకుపోతుంది. లోతుగా పెడితే పైన తోలు కట్టి, లోపల రోజుల తరబడి ఆరుతూనే ఉంటుంది. రంగు వేసిన కొన్నాళ్లకు ఆ చోట సన్నని గుంట తేలడం అందుకే. సన్నని గీతలకు ట్యూబు పుట్టీ చాలు, లోతైన గాయానికి మాత్రం రెండు భాగాలు కలిపే లప్పమే కావాలి.

ఇక టాల్క్ సంగతి. మనం పలక మీద రాసుకున్న బలపపు రాయిలో ఉండేది ఈ ఖనిజమే. కర్నూలు, అనంతపురం ప్రాంతాల్లో దాని నిక్షేపాలున్నాయి. ఖనిజాల గట్టిదనాన్ని కొలిచే మోస్ మెట్లలో దీనిది మొదటి మెట్టు, అంటే అన్నిటికన్నా మెత్తనిది. గట్టిపడిన లప్పం గరుకు కాగితానికి అంత తేలిగ్గా అరిగేది ఈ పొడి వల్లనే.

నన్ను అమితంగా ఆకట్టుకునే విషయం ఇప్పుడొస్తుంది. ఉక్కు రేకుకూ లప్పానికీ రసాయన బంధుత్వం లేదు. రేకును గరుకు చేస్తే ఆ గీతల్లోకి దిగి పట్టుకుంటుంది, అంతే. కానీ మోడల్ కార్ల గట్టి ప్లాస్టిక్ బాడీలు ఎక్కువగా పాలిస్టైరీన్‌తోనో, ఏబీఎస్‌తోనో చేస్తారు. రెండింటిలోనూ స్టైరీన్ ఉంది. 1839లో బెర్లిన్‌లో మందుల దుకాణం నడిపిన ఎడ్వర్డ్ సిమన్, స్టోరాక్స్ అనే చెట్టు జిగురు నుంచి తీసిన నూనె చిక్కబడటం చూశాడు. ఆ నూనే స్టైరీన్. ఆ అణువులే వరుసకట్టి బొమ్మకారు గోడలయ్యాయి. లప్పం గట్టిపడేలోపు అందులోని స్టైరీన్ పాలిస్టైరీన్ పై పొరను కాస్త మెత్తబరుస్తుంది, రెజిన్ అందులోకి కొద్దిగా చొరబడి అక్కడే బిగుసుకుంటుంది. ఇనుముకు కుదరని అతుకు ఇది. పైగా టాల్క్ తేమ పీల్చి అడుగున రేకును తుప్పు పట్టించడం కార్లలో దీనికున్న పాత రోగం. ప్లాస్టిక్‌కు తుప్పు బెడద లేదు.

అయితే లప్పం ఒకేసారి మందంగా పెడితే నష్టం. గట్టిపడేటప్పుడు లప్పం వేడెక్కుతుంది. ముద్ద ఎంత మందమైతే వేడి అంత ఎక్కువ. పాలిస్టైరీన్ 100 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది కాబట్టి పలుచని బాడీ వంకరపోతుంది. అందుకే పొర మీద పొరగా పెట్టాలి. పగులు మరీ వెడల్పుగా ఉంటే లోపలివైపు పాలిస్టైరీన్ రేకు ముక్క అతికించి, ఆ దన్ను మీద నింపాలి.

మోడల్ కారుకు లప్పం పెట్టేముందు బాడీని సబ్బు నీళ్లతో కడిగి జిడ్డు వదిలించాలి. 220 నంబరు గరుకు కాగితంతో గీరాలి. క్రీమ్ లప్పం బరువులో సుమారు 2 శాతం చాలు. ఎర్ర చారలు లేకుండా రంగు ఒకేలా కలిసేదాకా నూరాలి, చార మిగిలిన చోట లప్పం సరిగా గట్టిపడదు. కలిపాక చేతిలో ఉండేది మూడు నుంచి ఐదు నిమిషాలు, మన ఎండాకాలం మధ్యాహ్నాల్లో ఇంకా తక్కువ. రబ్బరులా మారే దశలో ఎత్తుగా ఉన్నది కత్తితో చెక్కేస్తే సగం శ్రమ తగ్గుతుంది. తర్వాత కాగితాన్ని చెక్క ముక్కకు చుట్టి రాయాలి. లప్పమూ ప్లాస్టిక్కూ ఒకే వేగంతో అరగవు, వేళ్లతో రాస్తే గుంట పడుతుంది. కిటికీ తెరిచి ఉంచడం, మాస్కు పెట్టుకోవడం తప్పనిసరి. స్టైరీన్ ఆవిరి తలనొప్పి తెస్తుంది, లప్పం అరగదీసేటప్పుడు లేచే పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు.

అన్ని బాడీలకూ ఇది నప్పదు. రేసింగ్ రిమోట్ కార్ల మీద ఉండే పాలీకార్బొనేట్ తొడుగు వంగుతుంది, లప్పం వంగదు, పెళ్లలుగా ఊడిపోతుంది. పాలీప్రొపిలీన్‌కైతే అసలు పట్టనే పట్టదు. పాలిస్టైరీన్ మీద మాత్రం విరిగిన మడ్‌గార్డు అంచును కూడా దీంతో తిరిగి మలచవచ్చు. బూడిద రంగు ప్రైమర్ పలుచగా కొడితే సూదిమొన అంత రంధ్రాలు బయటపడతాయి. వాటిని ట్యూబు పుట్టీతో నింపి, 600 నంబరు కాగితంతో నీళ్లు చల్లుతూ రాసి, మళ్లీ ప్రైమర్ కొట్టి, ఆరాక అసలు రంగు వేయాలి.