అనకాపల్లి నుంచి ఆఫీసుకి రైల్లో

2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితం కదా, డబ్బులు పెట్టి ఈ రైలు సీజను ఎందుకమ్మా అంటారు మా అత్తగారు. నా ఆఫీసు విశాఖ దొండపర్తిలో. స్టేషన్లో దిగి నడిచేస్తాను. బస్సయితే లంకెలపాలెం, కూర్మన్నపాలెం, గాజువాక, ఎన్‌ఏడీ అన్నీ దాటాలి. షిఫ్టులు మారే వేళ గాజువాకలో ఇరుక్కున్నామంటే అంతే సంగతులు. రైలుకు ఆ గొడవ లేదు. తాడి, దువ్వాడ, సింహాచలం, మర్రిపాలెం, ఆపైన విశాఖ. మొత్తం 33 కిలోమీటర్లు.

మా ఆయన మాత్రం రైలెక్కరు. ఆయన పని గాజువాకలో. పట్టాలు ఆ పక్కకే పోవు. దువ్వాడలో దిగి, ఆటో కోసం నిలబడి, కూర్మన్నపాలెం వచ్చి మళ్లీ బస్సెక్కాలి. అంత అవస్థ ఎందుకని గుమ్మం ముందే బండి తీసి హైవే ఎక్కేస్తారు. నేను తప్పు పట్టను.

నాకైనా ఒక రైలు తప్పిపోతే తర్వాతది ఎప్పుడో అన్న బెంగ ఉంటుంది. మాది హౌరా–చెన్నై ప్రధాన మార్గం. గూడ్సులు, దూరపు ఎక్స్‌ప్రెస్‌లు, మా ప్యాసింజర్లు అన్నీ అవే పట్టాల మీద. పైగా విజయవాడ వైపు నుంచి వచ్చి హౌరా వైపు పోయే రైలు విశాఖలో ఇంజను రెండో చివరకు మార్చుకోవాలి. అందుకే కొన్ని రైళ్లు విశాఖకు రాకుండా దువ్వాడ మీదుగానే మళ్లిపోతాయి. విశాఖలో ప్లాట్‌ఫారం ఖాళీ లేకపోతే వచ్చిన రైలు ఔటర్లో ఆగాల్సిందే. అయినా రైల్లో కూర్చున్న సమయం వృథా పోదు. సాయంత్రం మా పెట్టెలో ఒకావిడ గోరుచిక్కుళ్ల ఈనెలు తీసుకుంటూ వస్తుంది. అనకాపల్లి చేరేసరికి కూర పొయ్యెక్కడానికి సిద్ధం. స్కూటీ మీద ఆ పని కుదరదు కదా!

ఎంతసేపటికో రైలు అన్నదే అసలు సంగతి. హైదరాబాద్‌లో అప్పటికే ఉన్న పట్టాల మీద 2003లో ఎంఎంటీఎస్ లోకల్ రైళ్లు మొదలుపెట్టారు. టికెట్టు చాలా చవక. 2017 నవంబరులో వచ్చిన మెట్రోకు అంతకంటే చాలా ఎక్కువ. అయినా జనం మెట్రోకే ఎగబడ్డారు. కొన్ని నిమిషాలకో రైలు ఉంటే గడియారం చూసుకోనక్కర్లేదు మరి.

విశాఖ మెట్రో తొలి దశ ప్రణాళిక 46.23 కిలోమీటర్లు. అందులో పెద్ద కారిడార్ స్టీల్‌ప్లాంటు నుంచి గాజువాక మీదుగా కొమ్మాదికి, 34.4 కిలోమీటర్లు. గాజువాకవాళ్లకు అది వరమే. కానీ స్టీల్‌ప్లాంటు పక్కనున్న కూర్మన్నపాలెం దాకా బండి మీద వెళ్లిన అనకాపల్లి మనిషి అక్కడ బండి దిగి, గాజువాక కోసం మెట్రో ఎక్కుతాడా? నాకు నమ్మకం లేదు.

మాకు కావాల్సింది ఉదయం, సాయంత్రం అరగంటకో మెమూ. గూడ్సులకు వేరే లైను వేస్తే తప్ప అది కుదరదని తెలుసు. అంతవరకు ప్యాసింజర్ వచ్చే వేళకు దువ్వాడ స్టేషన్ బయట గాజువాక బస్సొకటి ఉంచినా చాలు. మా ఆయన టికెట్టు కొనుక్కోవాల్సిందే అనుకోండి, పెట్రోలు కంటే చవకే.