పాతపడవ అడుగును బాగుచేయుట

గోదావరి పాయలు సముద్రమును చేరు తావున తాళ్ళరేవు, కోరంగి గ్రామములు గలవు. కొయ్యతో నావలు కట్టుటయందు ఈ ప్రాంతపు వడ్రంగులకు చిరకాలముగా పేరు గలదు. 1852వ సంవత్సరమున ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన పిమ్మట డెల్టా కాలువలలో ధాన్యమును, కలపను మోయుచు పడవలు విరివిగా తిరిగినవి. కాలక్రమమున ఆ పని లారీలకు దక్కినది. సముద్రతీరమున ఫైబరు పడవలు పెక్కయినవి. అయినను పాత కొయ్యపడవనే నమ్ముకొన్న కుటుంబములు ఇంకను గలవు. అట్టివారికి పడవయే పొలము. దాని అడుగు పుచ్చినచో క్రొత్తది కొనుటకు శక్తి చాలదు. పుచ్చినదానితో నీటిపైకి పోయినచో ప్రాణమునకే ముప్పు. కావున కొలది ఖర్చుతో దానిని బాగుచేయు విధము తెలిసికొనదగినది.

ముందుగా కొయ్య ఏల పుచ్చునో ఎఱుగవలయును. నీటిలో నానుటయే కారణమని పలువురు తలంతురు. అది పూర్తిగా నిజము కాదు. కొయ్యను తినివేయునది ఒక జాతి బూజు. దాని పెరుగుదలకు తేమయు, గాలియు రెండును కావలయును. కొయ్యలోని తేమ నూటికి 20 పాళ్ళకు లోబడి యున్నచో ఆ బూజు పెరుగజాలదు. కొయ్య పూర్తిగా నీట మునిగి గాలి సోకకున్నను పెరుగజాలదు. స్వీడను దేశపు 'వాసా' యను యుద్ధనౌక 1628లో మునిగి, 1961లో పైకి తీయబడినది. 333 సంవత్సరములు నీటిలో నున్నను దాని ఆకారము చెడలేదు. అచటి నీటిలో ఉప్పు తక్కువగుటచే కొయ్యను తొలిచెడు ఓడపురుగు లేకపోవుటయు అందుకు తోడ్పడినది.

పడవకు వెలుపల తగులు సముద్రజలముకంటె లోపల నిలుచు వాననీరే ఎక్కువ కీడు చేయును. ఉప్పు బూజును అణచును. అందుచేతనే పందొమ్మిదవ శతాబ్దమున అమెరికాలో ఓడలు కట్టువారు ప్రక్కకొయ్యల నడుమ ఉప్పు దట్టించెడివారు. వాననీటికి ఆ గుణము లేదు. అది అడుగుపలకల క్రిందికి జారి, ఆఱుటకు దారిలేక, కొయ్యను నిరంతరము తడిగా నుంచును. పుచ్చు అచటనే పుట్టును.

పని మొదలిడునపుడు పడవను గట్టుపైకి లాగి, అడుగు క్రుంగకుండునట్లు పలుచోట్ల దిమ్మెలు పెట్టవలయును. లోపలి పలకలు తీసి కొన్నాళ్ళు నీడను ఆఱనీయవలయును. తరువాత మొనగల సన్నని ఇనుపచువ్వతో అంగుళమంగుళము పొడిచి చూడవలయును. గట్టి కొయ్య మొనను ఆపును. పుచ్చిన కొయ్యలో అది మెత్తగా దిగును. పుచ్చు కొయ్య పోగు వెంబడి కంటికి కానరాకుండ ప్రాకును గనుక, కనబడు మేరకు ఆవల జానెడైనను, మూరెడైనను కోసివేయుట మంచిది.

ఇచటనే లోభము అడ్డుపడును. పుచ్చిన చోటుపై రేకు కొట్టుటయో, తారు పూయుటయో, ఫైబరు అంటించుటయో చవుకయని తోచును. కాని అట్టి తాపడము తేమను లోపలనే బంధించును. పైకి పడవ నిగనిగలాడుచుండగా లోపల కొయ్య పిండియగుచుండును. నాడు మిగిలిన రూపాయికి పిదప పది రూపాయలు చెల్లింపవలసి వచ్చును.

పడవకు ప్రక్కటెముకలవంటి వంపుకొయ్యలను మొదట బాగుచేయవలయును. అన్నిటిని ఒక్కమారు తీసినచో పడవ ఆకారము చెడును. ఒకటి ముగిసిన పిమ్మటనే మఱియొకటి. పుచ్చిన భాగమును తొలగించి, దాని ప్రక్కను క్రొత్త కొయ్యను జోడించి బిగించినచో ఖర్చు తగ్గును. పిదప పలకల వంతు. పలకకు పలకను అతుకునపుడు కొనలను ఏటవాలుగా చెక్కవలయును. అంగుళము మందము గల పలకకు 8 అంగుళములైనను వాలు ఉండవలయును. అతుకులన్నియు ఒకే వరుసలోనికి రాకూడదు. రాగిమేకులను, ఇనుపమేకులను కలిపి వాడరాదు; ఉప్పునీటిలో రాగి చెంతనున్న ఇనుము త్వరగా క్షీణించును. తుదకు సందులలో నూలుపోగులు దట్టించి, నూనెతో కరగించిన గుగ్గిలము పూయుదురు.

పొదుపు చేయదగిన చోట్లు వేఱుగా గలవు. పడగొట్టిన పాతయిండ్ల టేకు దూలములు, ద్వారబంధములు చక్కగా ఎండి, చేవ గలిగి, క్రొత్త కలపకంటె చవుకగా దొరకును. వానిలో దాగిన మేకులను వెదకి తీసినచో రంపము చెడదు. విప్పుట, గీకుట, ఆఱబెట్టుట, నూనె పూయుట మున్నగు పనులకు ఇంటివారి చేతులే చాలును. నేర్పు వలసిన అతుకులకు మాత్రము వడ్రంగిని పిలిచినచో కూలి తగ్గును.

అడుగుపై పఱచు పలకలను మేకులతో బిగింపక, నడుమ సందులు విడిచి, ఎత్తి తీయుటకు వీలుగా అమర్చవలయును. అపుడు గాలి యాడును. నీరు తోడుట సులభమగును. పని లేని దినములలో పడవపై తాటాకుల కప్పు వేసినచో వాననీరు లోపలికి చేరదు. ఈ కప్పునకగు వ్యయము మిక్కిలి స్వల్పము. అది కాపాడునది ఒక కుటుంబపు జీవనము. పుచ్చిన కొయ్యను మార్చుట సగము పని మాత్రమే. పుచ్చుటకైన కారణమును తొలగించుట తక్కిన సగము.